ఆవుకంటే ముందు గడప చేరిన కారు

ఒక కారును, ఒక వీధిని, ఒక మేళాన్ని, ముహూర్తానికి నడిచొస్తున్న ఒక ఆవును ఒక్క దెబ్బతో ఆపేసిన ఘనత మా ఇంట్లో ఒకరికి ఉంది. ఇన్నేళ్లుగా అది నా భార్య రాజేశ్వరి పేరు మీద చలామణీ అవుతోంది. అసలు హక్కుదారుణ్ణి నేను. ఆరోజే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఇంతకాలం ఆమెను చూసి నవ్వినవాళ్లు దయచేసి కాస్త ఇటు తిరిగి నవ్వండి.

మాది ఎమ్మిగనూరులో నేత కుటుంబం. నాకు మాత్రం మగ్గం అచ్చిరాలేదు. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు పాత పోగుకు కొత్త పోగును అతకాలి. వేళ్లకు చిటికెడు బూడిద అద్దుకుని రెండు పోగులనూ కలిపి మెలివేయాలి. చెయ్యి తిరిగినవాడు వేస్తే చీర చిరుగుతుంది గాని అతుకు ఊడదు. నేను వేసిన అతుకు పక్కింటివాళ్లు దగ్గినా ఊడేది. మా నాన్న కొన్నాళ్లు చూసి, "నువ్వు సదువుకో నాయనా, మగ్గాన్ని బతకనీ" అన్నాడు. అలా నేను గుమాస్తానయ్యాను.

గుమాస్తా ఉద్యోగం మీద ఒక పాత కారు కొన్నాను. కొన్నాళ్లకు దానికి పసుపు లైటు వెలిగింది, పొద్దున్నే స్టార్ట్ కానని మొండికేయడం మొదలైంది. దుకాణంలో మిషన్ పెట్టి చూసి క్రాంక్ సెన్సార్ పోయిందన్నారు. ఇంజన్ తిరుగుతోందా లేదా అని బండిలోని కంప్యూటర్‌కు చాడీలు చెప్పేది అదే. చాడీ ఆగితే బండి ఆగుతుంది.

అప్పుడు మా మామ, అంటే రాజేశ్వరి నాన్న, మా ఇంట్లోనే ఉన్నాడు. జమ్మలమడుగు మనిషి, వయసంతా మగ్గం మీదే గడిపినవాడు.

"సెన్సారంటే సినిమాలకు గదప్పా?" అన్నాడు.

"ఇంజన్‌కూ ఉంటాది మామా."

"ఈడ ఏం కోస్తాదప్పా అది?"

అది ఏమీ కోయలేదు. కోసింది నేను.

"మెకానిక్‌కు ఇయ్యరాదా?" అంది రాజేశ్వరి.

"వీడియో చూసినా. ఒక బోల్టు, ఒక ప్లగ్గు. అంతే."

"వీడియోలో ఆయప్ప నవ్వుతా తీస్తాండాడు. నీకు ఇప్పటికే చెమట పడతాండాది."

వెయ్యిమందిని చంపితేగాని అర వైద్యుడు కాడంటారు. నేను ఒక్క వీడియోతో పూర్తి వైద్యుణ్ణయ్యాను. బోల్టు వచ్చింది, పాత సెన్సార్ వచ్చింది. దాని ప్లగ్గు మాత్రం రాలేదు. 'మెల్లగా నొక్కి తీయండి' అన్నాడు వీడియోలో పెద్దమనిషి. నేను మడిలో ముల్లంగిని పీకినట్టు పీకాను. లాక్ విరిగింది. దాంతో ప్లగ్గును తీగలతో సహా కోసేసి, కొత్త సెన్సార్ బిగించి, దుకాణం నుంచి దానికి కొత్త ప్లగ్గు తెచ్చాను. దానికి తోకల్లా రెండు తీగలు. ఇంజన్ వైపు రెండు తీగలు. రెండింటికి రెండు అతకాలి.

పాఠకులారా, అతకాలి అనే మాట వినగానే నా ఒంట్లో నిద్రపోతున్న నేతగాడు లేచి కూర్చున్నాడు.

గ్యాస్ పొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడిది? దేవుడి పటం దగ్గర అగరుబత్తి బూడిద ఉంటే వేళ్లకు అద్దుకుని, తీగలను మెలివేశాను. టేపు లేదు, ఒక్కో అతుకుకూ నూలుదారం చుట్టాను. దారం బిగుసుకోవాలి గదా? పడుగుకు పెట్టినట్టే గంజి పెట్టాను.

"ఇంజన్‌కు గంజేందయ్యా? జొరమొచ్చిందా దానికి?" అంది రాజేశ్వరి.

తాళం తిప్పగానే బండి స్టార్టయింది. లైటు ఆరిపోయింది. ఆ పూట నా గొప్ప ఆదోని దాకా వినిపించి ఉంటుంది. బండి నడిచేసరికి రాజేశ్వరి గంజి సంగతి మరిచిపోయింది; నా అతుకుల పేరు తెలిసిన మామకు తీగల సంగతి నేనే చెప్పలేదు.

అప్పట్లో రాజేశ్వరి కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంది. స్కూలు మైదానంలో ఇటుకలు పేర్చుకుని, వాటి మధ్య రివర్సు కొట్టి కొట్టి నేర్చుకుంది. ఆమెకు ఒకటే కోరిక. జమ్మలమడుగులో తన తమ్ముడి గృహప్రవేశానికి పుట్టింటి వీధిలోకి తనే బండి తోలుకుని పోవాలి. "మా వీదిలో ఇంతవరకు ఏ ఆడమనిషీ కారు తోలుకోని రాలేదు" అని పదిసార్లు చెప్పింది. మామ మాత్రం, "సూద్దాం లేమ్మా" అని మీసాల చాటున నవ్వాడు.

తెల్లవారకముందే బయలుదేరాం. కోయిలకుంట్ల దాకా నేను తోలాను. అక్కడ స్టీరింగు ఆమెకిచ్చాను. వెనక సీట్లో మామ. శనగచేల మధ్య, నాపరాళ్ల లారీ వెనక వెళ్తుండగా, గతుకులో పడగానే బండి ఒక దగ్గు దగ్గి ఆగింది.

"క్లచ్ సూసి వదులు!" అన్నాను.

"క్లచ్ మీద కాలే పెట్టలేదు గదయ్యా!"

"చెప్తిని గదప్పా," అన్నాడు మామ, "ఆడోళ్ల కాలు ఒక తావ నిలబడదని."

దిగి బానెట్ ఎత్తాను. ఎండిన గంజి పెళ్లలు పెళ్లలుగా రాలిపోయి ఉంది. దారం వదులై, ఒక అతుకు నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. అగరుబత్తి వాసన కూడా వచ్చిందేమో, భయంతో అలా అనిపించిందేమో! వేళ్లతో మెలేసి వచ్చాను. బండి స్టార్టయింది. నిజం చెబుదామని నోరు తెరిచాను.

"అల్లుని చెయ్యి తగిల్తే సాలు, శానా బాగ పలుకుతాది బండి!" అన్నాడు మామ.

తెరిచిన నోరు మూసుకున్నాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడట. నేను దారి పొడుగునా కళ్లతో బానెట్ తడుముకుంటూ కూర్చున్నాను.

వీధి మొదట్లోకి వచ్చాం. షామియానా, మేళం, అరుగుల మీద ఆడవాళ్లు. "రాజక్క తోలతాండాది సూడండే!" అని ఎవరో అరిచారు. రాజేశ్వరి మొహంలో వెలుగు చూశాను. సరిగ్గా అప్పుడే మురుగుకాల్వ మీద బండ ఎగుడుదిగుడుకు కారు ఎగిరిపడింది, దగ్గింది, వీధికి అడ్డుగా చచ్చింది. ఇరుకు వీధి. మా వెనకే గృహప్రవేశపు ఆవు, పసుపు కుంకుమలతో, దూడతో సహా.

"ముహూర్తం దాటిపోతాండాది! ఆవును పోనీండి!" అని అయ్యవారి కేక.

"యాడ పోతాది సామీ? కారుండాది గదా!"

నేను బానెట్ దగ్గరికి చేరేలోపే పదిమంది వెనక చేరి తోసేశారు. వీధి కాస్త పల్లం. కారు జారుకుంటూ పోయి, మామిడాకుల తోరణం కింద, కొత్త గడపకు జానెడు దూరంలో ఆగింది. మేళగాడు అలవాటుకొద్దీ గట్టిమేళం వాయించాడు. ఆవుకంటే ముందు మా కారు గడప చేరింది.

ఊరంతా నవ్వింది. రాజేశ్వరి దిగి, తాళం నా చేతిలో పెట్టి, "ఇంగ నేను తోలను" అంది. నేను "సరేలే" అన్నాను. నా జీవితంలో నేను పలికిన నీచమైన మాటల్లో ఆ 'సరేలే'దే మొదటి స్థానం.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఎలక్ట్రీషియన్ దగ్గర తీగలు సరిగ్గా అతికించుకొచ్చాను. "ఇంజన్‌కు చీర కట్టినారేందన్నా?" అన్నాడతను. నేను ఎలుకల మీదికి నెట్టాను. కారు బాగైంది, కథ మాత్రం బాగుపడలేదు. మిక్సీ ఆగినా, కరెంటు పోయినా మా అత్తగారి వీధిలో ఒకటే సామెత: "రాజక్క తోలినట్టుండాదే!"

మొన్న మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటానంటే రాజేశ్వరి, "వద్దులే తల్లీ, మన ఇంట్లో ఆడోళ్లకు ఆ చెయ్యి లేదు" అంది. తమాషాకు అనలేదు, నమ్మి అంది. ఇంక దాచకూడదని ఆ రాత్రే అనుకున్నాను.

బావమరిది కూతురి ఓణీల ఫంక్షన్‌కు అదే వీధిలో అందరూ చేరారు. భోజనాలయ్యాక లేచి నిలబడ్డాను. "ఆ పొద్దు బండి నిలిపింది రాజేశ్వరి కాదు, నేను" అన్నాను.

అందరూ మెచ్చుకోలుగా చూశారు! "ఏమప్పా, పెండ్లాన్ని ఎనకేసుకొస్తాండావా? మంచోనివి!" అన్నాడు మామ. ఒకావిడ తన మొగుణ్ణి మోచేత్తో పొడిచి, "సూసి నేర్చుకో" అంది. నిజం చెబితే పరువు పోతుందని భయపడ్డానా? నిజం చెబితే పరువు పెరుగుతోంది!

"అది కాదు మామా. సెన్సార్ తీగలు నేనే అతికినా. బూడిద అద్ది, దారం చుట్టి, గంజి పెట్టి..."

మామ నవ్వు టక్కున ఆగింది. "ఎవరు అతికింది?"

"నేనే."

"నీ అతుకా?" మామ లేచి నిలబడ్డాడు. "నీ అతుకుతో ఆ బండి కోయిలకుంట్ల దాకా ఎట్లొచ్చిందప్పా?" తర్వాత కూతురి వైపు తిరిగి, తల వంచుకుని, "అమ్మా రాజీ, తప్పు నీది కాదుమ్మా" అన్నాడు. సాక్ష్యం అడగలేదు. నా అతుకును మించిన సాక్ష్యం ఏముంది?

ఈసారి వీధంతా నన్ను చూసి నవ్వింది. గుండెల మీద నుంచి నాపరాయి దించినట్టయింది. రాజేశ్వరి మాత్రం నవ్వలేదు. చెయ్యి చాపింది. తాళం ఇచ్చాను.

ఊరికి బయలుదేరాం. ఆమె స్టీరింగు దగ్గర, నేను పక్కన. సరిగ్గా ఆ మురుగుకాల్వ బండ మీదే బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. నా ప్రాణాలు పోయాయి.

"రాజీ, దేవుని తోడు! నేను దీన్ని ముట్టుకోలేదు!"

"కూచో అయ్యా," అంది ఆమె. "క్లచ్ తొందరగా వదిలినా. ఇది నాదే."

ఎంత తేలిక! నాకు ఏళ్లు పట్టిన మాట ఆమెకు ఒక్క ఊపిరి పట్టలేదు. అక్కడే, ఆ బండ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఈ చేత్తో బానెట్ ఎత్తను, తీగ కోయను, అగరుబత్తి బూడిదను దేవుడికే వదిలేస్తాను. వైపర్ డబ్బాలో నీళ్లు పోయాలన్నా పెద్దల అనుమతి తీసుకుంటాను.

ఆ తర్వాత, ఎప్పుడో చెప్పాల్సింది చెప్పాను. "తప్పయిపోయింది రాజీ. ఆ పొద్దే చెప్పాల్సింది. క్షమించు."

ఆమె తాళం తిప్పి, అద్దంలో వెనక్కి చూసుకుంది.

"చేస్తాలే. ముందు దిగి, ఎనక ఆవొస్తాండాది, దానికి దారియ్యి. ఈసారన్నా అది ముందు పోనీ."