చిన్నమ్మకు చదివి చెప్పిన అంకెలు

ఎవడో ఫోను చేసి కార్డు నంబరు అడిగితే చెప్పేంత తెలివితక్కువదాన్ని కాదని నాకు గట్టి నమ్మకం ఉండేది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేస్తాను. "మీ కార్డు బ్లాక్ అయింది మేడమ్" అని మొదలుపెట్టినవాడు రెండో మాట ఎత్తకముందే నా చేత చీవాట్లు తిని ఫోను పెట్టేసేవాడు. ఆ చీవాట్లు మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్లీ చెప్పి అందర్నీ నవ్వించేదాన్ని.

మాది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు. రోజూ ఆటోలో పలాస వచ్చిపోతాను కాబట్టి మా వీధి ఆడవాళ్లు డబ్బు తియ్యాల్సి వచ్చినప్పుడు ఏటీఎం కార్డులు నాకే ఇచ్చేవారు. అయిదారు కార్డులు ఎప్పుడూ నా సంచిలోనే ఉండేవి. ఎవరిది ఏదో తెలియడానికి ఒక్కోదాని మీద ఒక్కో గోళ్ల రంగు చుక్క పెట్టుకున్నాను. పిన్ నంబర్లన్నీ నాకు కంఠతా వచ్చు, వాళ్లకే రావు. "మాకెందుకే, నీకు తెలిస్తే సాల్దా?" అనేవారు. అది నాకు గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు.

అందులో ఎర్రచుక్క కార్డు మా చిన్నమ్మది. పోయిన వేసవిలో ఆ ఖాతాలో పద్దెనిమిది వేలు పడ్డాయి. తోటలో జీడిపిక్కలు అమ్మిన డబ్బు. చిన్నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలుపెట్టాలంటే ముందు చేతి నరానికి చిన్న ఆపరేషను చెయ్యాలన్నారు. సోమవారం విశాఖపట్నం ప్రయాణం. అంతకుమించి వాళ్ల దగ్గర చిల్లిగవ్వ లేదు. శుక్రవారం సాయంత్రం నేను ఆ డబ్బు తీసి పట్టుకెళ్లాలి.

ఆ శుక్రవారం పొద్దున్న పదకొండింటికి చిన్నమ్మ ఫోను చేసింది.

"ఒలే, నా కార్డు నీకాడే ఉంది కదా. దాని మీద నంబరుంతాదట, సదివి సెప్పు."

ఎందుకని అడగలేదు నేను. పప్పు డబ్బాలు లారీకి ఎక్కుతున్నాయి, డ్రైవరు కేకలేస్తున్నాడు. పైగా అడిగింది చిన్నమ్మ, కార్డూ చిన్నమ్మదే. పదహారంకెలూ నాలుగేసి చొప్పున చదివాను. తేదీ అడిగితే అదీ చదివాను. "ఎనకాల మూడంకెలుంతాయట" అంది. అవీ చదివాను. అప్పుడు వినబడింది నాకు. నేను చెప్పిన మూడంకెల్నీ చిన్నమ్మ ఇంకెవరికో అప్పజెబుతోంది.

"ఎవులికి సెప్తన్నావు సిన్నమ్మా?"

"మీ సిన్నాన్న ఫోన్లో బేంకబ్బాయున్నాడే. రోగమున్నోళ్లకి సర్కారు సాయమొచ్చిందట, ఖాతాలో ఏత్తాడట. శానా మంచోడు, అమ్మా అమ్మా అంతన్నాడు."

"నీ ఫోనుకి మెసేజొస్తాది, ఆ నంబరు ఆడికి సెప్పకు, సెప్పకు!" అని అరిచాను. సగంలోనే లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. చిన్నాన్న ఫోను బిజీ. చిన్నమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. మెసేజులో నంబరు ఇట్టే చదివి చెప్పెయ్యగలదు.

కార్డు వెనకున్న బ్యాంకు నంబరుకు చేస్తే తెలుగుకు ఒకటి నొక్కు, దానికి రెండు నొక్కు అని మొదలైంది. ఓపిక పట్టలేక కట్ చేసి ఫ్యాక్టరీ పక్కనే ఉన్న ఏటీఎంకు పరుగెత్తాను. లోపల ఒకాయన, బయట ఇంకొకాయన ఉన్నారు. "బావూ, నన్ను ముందెళ్లనియ్యి, మావోళ్ల డబ్బు పోతాంది" అన్నాను.

"నాది మాత్రం డబ్బు కాదేటమ్మా?" అన్నాడాయన. తర్వాత నా మొహం చూసి పక్కకు జరిగాడు.

కంగారులో మొదటిసారి పిన్ తప్పు నొక్కాను. రెండోసారి సరిగ్గా పడింది. మిషను గరగరలాడుతూ ఆలోచిస్తోంది. ఈపాటికే డబ్బు పోయి ఉంటే చిన్నాన్న మొహం ఎలా చూడాలా అని ఒకటే భయం. నోట్లు బయటికొచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టాను, పద్దెనిమిది వేలూ ఉన్నాయి. కొంగున ముడేసుకుని, అప్పుడు బ్యాంకువాళ్ల ఒకట్లూ రెండ్లూ అన్నీ నొక్కి కార్డు ఆపించాను.

అది అయ్యేసరికి చిన్నమ్మ ఫోను.

"ఒలే, ఆ కుర్రోడు నన్ను తిట్టీసేడే. మెసేజెక్కడుందో ఎతికెతికి అందులో నంబరు సెప్పీసినాను. సెప్పినాక ఖాతాలో సొమ్ము నేదేటని నోటికొచ్చినట్టు తిట్టీసేడు. ఇంతసేపూ అమ్మా అన్నోడే!"

ఏటీఎం మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

సాయంత్రం ఊళ్లోకి వెళ్లేసరికి చిన్నమ్మ వీధంతా టముకు వేసింది, నేను డబ్బు కాపాడానని. ఆ అంకెలు చదివి ఇచ్చింది నేనేనని ఒక్కరికీ తోచలేదు. చిన్నమ్మకైతే అసలే తోచలేదు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముక్కూ మొహం తెలియనివాడు అడిగితే చచ్చినా చెప్పను, మనవాళ్లు అడిగితే వెనకాముందూ చూడకుండా చెప్పేస్తాను. నన్ను మోసం చెయ్యడానికి వాడు నాతో మాట్లాడనే అక్కర్లేకపోయింది.

మర్నాడే ఎవరి కార్డు వాళ్లకు ఇచ్చేశాను. ఎదురింటి వదిన మూతి ముడుచుకుంది. "ఏటే, మామీద నమ్మకం పోయిందేటి?"

"నా మీద నాకు పోయింది ఒదినా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

చిన్నాన్న ఆపరేషను అనుకున్న రోజుకే అయింది. చిన్నమ్మకు కొత్త కార్డొచ్చాక పలాస తీసుకెళ్లి, ఏ మీట ఎందుకో రెండుసార్లు చూపించి, పిన్ నంబరు తననే పెట్టుకోమన్నాను. తను నొక్కుతుంటే నేను తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. కార్డు బొడ్లో దోపుకుని, పరీక్ష పాసైన పిల్లలాగా బయటికొచ్చింది.

తిరుగు ఆటోలో మళ్లీ నాకు బెంగ పట్టుకుంది. చిన్నాన్నకు ఎప్పుడు ఏ అవసరం వస్తుందో, ఈవిడ ఆ నంబరు మర్చిపోతే ఎలా? ఊరు దగ్గర పడుతుంటే ఇక ఆగలేక ఆమె వైపు వంగాను.

"ఏ నంబరు పెట్టావు సిన్నమ్మా? ఇంకెవులికీ వద్దు, నాకొక్కదానికే సెప్పు."

చిన్నమ్మ కొంచెం అవతలికి జరిగి నా మొహంలోకి చూసింది.

"ఆడూ అలాగే అడిగేడే" అంది.