అబద్ధం చెప్పడం రాని మనిషి

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ వాచీ గారనే పిలిచేవారు. చేతికి వాచీ పెట్టుకున్న రోజు ఒక్కటీ లేదు. ఆ పేరు తొమ్మిదో ఏట అంటుకుంది. యాభై ఏడో ఏటికి చర్మమైపోయింది.

జరిగింది ఇంతే. బడిలో చేతులు కడుక్కునే కుళాయి గట్టు మీద హెడ్మాస్టరు తన వాచీ మరిచిపోయారు. పిల్లవాడు దాన్ని తీసి నిక్కరు జేబులో వేసుకున్నాడు. ఏం చేద్దామన్నది ఇంకా తేల్చుకోలేదు, మూల తిరిగేసరికి ఎదురుగా హెడ్మాస్టరే. భయంతో చెయ్యి దానంతట అదే బయటికొచ్చింది, వాచీతో సహా. మర్నాడు ప్రార్థనలో బెంచీ ఎక్కించారు. "వీణ్ణి చూసి నేర్చుకోండి" అన్నారు. మూడొందల మంది చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. ఆ చప్పట్ల మధ్య ఏ తొమ్మిదేళ్లవాడు చెబుతాడు?

వ్యక్తిత్వం లోపలి నుంచి మొలుస్తుందని పాఠ్యపుస్తకాలు అంటాయి. చాలామందికి అది బయటి నుంచే వస్తుంది, కొలతలు తీసుకోకుండా కుట్టిన చొక్కాలాగా. పట్టేదాకా మనిషే కుదించుకోవాలి.

తండ్రి అతన్ని బస్సు ప్రయాణాలకు తీసుకెళ్లడం మానేశాడు. "వీడొద్దు. కండక్టరు వయసడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు, అరటిక్కెట్టు కాస్తా పోతుంది" అనేవాడు. మాస్టర్లు క్లాసులీడర్ని చేశారు. అతను వస్తుంటే పిల్లలు మాటలాపేశారు. పరీక్షలో అతని పక్కన కూర్చోవడానికి ఎవడూ ఇష్టపడలేదు. పెళ్లిచూపుల్లో మామగారు ఉద్యోగం కూడా సరిగా అడగలేదు. "అబద్ధమాడడటగా, ఇంకేం కావాలి" అని పిల్లనిచ్చేశారు. ఆ పిల్ల ఏడాది తిరక్కుండానే ఆడపడుచుతో అంది: "మీ తమ్ముడికి అబద్ధం రాదంటారు గానీ వదినా, అసలు మాటే రాదు."

మాటెలా వస్తుంది? నోరు తెరిస్తే ఏది జారుతుందోనని నలభై ఎనిమిదేళ్లు కాపలా కాసుకున్న మనిషి.

ఫ్యాక్టరీలో స్టోరు తాళాలు అతనికే ఇచ్చారు. బ్లేళ్లు, గ్రీజు, చేతితొడుగులు, ఏది బయటికెళ్లినా అతని రిజిస్టరులో రాసే వెళ్లాలి. తీసుకున్నవాళ్లు వస్తువు వస్తువుకీ సంతకం పెట్టాలని రూలు. అతని దగ్గర మాత్రం శనివారం శనివారం తమ పేజీ అడుగున ఒక్క సంతకం పెట్టి పోయేవారు. పైన ఏం రాసుందో చదివినవాడు లేడు. వాచీ గారి పుస్తకాన్ని చదవడమంటే ఆయన్ని అవమానించడమే.

అతన్ని ఒరే అని పిలిచే మనిషి అక్కడ ఒక్కడే, కటింగ్ మిషన్ ఆపరేటరు. ఒకే బడి, ఒకే క్లాసు. మధ్యాహ్నం స్టోరు గడప మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పి, ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేవాడు.

కటింగ్ మిషన్‌కి చేతులకు అడ్డంగా ఉండే ఇనపజాలీ ఒకసారి విరిగిపోయింది. కొత్తది వచ్చింది. బిగించాలంటే మిషన్ సగం పూట ఆపాలి. "ఈ ఆర్డరు వెళ్లనివ్వండి, తర్వాత ఇద్దాం" అన్నాడు మేనేజరు. వాచీ గారు జాలీని మూడో అరలో పెట్టి గోనెపట్టా కప్పాడు. మూడు వారాలు అది అక్కడే ఉంది. ఒక మంగళవారం ఉదయం ఆపరేటరు కుడిచేతి నాలుగు వేళ్లనూ మిషన్ తీసుకుంది.

జనమంతా ఆసుపత్రి వైపు పరుగెత్తారు. మేనేజరు స్టోరు కిటికీ దగ్గర ఆగాడు.

"జాలీ సంగతి రేపు అడుగుతారండీ. మీ పుస్తకం ఏం చెబితే అదే."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అక్కర్లేదు కూడా. జాలీ ఇవ్వలేదని తేలితే తప్పు కంపెనీది, నష్టపరిహారం ఇవ్వాలి. ఇచ్చినా బిగించుకోలేదంటే తప్పు ఆపరేటరుది. ఉద్యోగం కూడా పోతుంది. వాచీ గారికి కంపెనీ మీద అంత ప్రేమేమీ లేదు. అతన్ని భయపెట్టింది జనం అనబోయే ఒక్క మాటే: "వాచీ గారు కూడానా?" మూడు వారాలు గోనెపట్టా కప్పి ఊరుకున్నది తనే కదా. ఆ పేరు తీసేస్తే కింద ఎవరున్నారో అతనికే తెలియదు.

ఆపరేటరు పేజీలో, క్రితం శనివారం సంతకానికి పైన ఒక గీత ఖాళీగా ఉంది. "ఇనపజాలీ, ఒకటి" అని రాశాడు. ఎప్పటిలాగే గుండ్రని అక్షరాలు. తర్వాత జాలీని మోసుకెళ్లి మిషన్ వెనక గోడకి ఆనించి వచ్చాడు.

విచారణ రోజు ఆపరేటరు భార్య వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది. "మీరు చెబుతారు కదా అన్నయ్యగారూ, ఇక మాకు దిగుల్లేదు."

లోపల విచారణకొచ్చిన ఆఫీసరు రెండే ప్రశ్నలడిగాడు.

"పుస్తకం మీరే రాస్తారా?"

"అవునండి."

"జాలీ ఇచ్చారా?"

"ఇచ్చానండి."

ఆఫీసరు యూనియన్ నాయకుడి వైపు తిరిగాడు. "మీరేమైనా అడుగుతారా?"

"వాచీ గారినా? ఆయన్నేం అడుగుతామండీ."

ఆపరేటరు కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పేజీ వంక చాలాసేపు చూశాడు. "సంతకం నాదే" అన్నాడు. పావుగంటలో అయిపోయింది.

మూడు నెలల తర్వాత వాచీ గారు ఆపరేటరు ఇంటికి వెళ్లాడు. భార్య అదే ఫ్యాక్టరీలో పెట్టెలకు జిగురు రాసే పనికి పోయింది. అతనొక్కడే గదిలో నిలబడి ఎడమచేత్తో చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు.

"జాలీ నీకివ్వలేదురా. పుస్తకంలో తర్వాత నేనే రాశాను."

ఆపరేటరు గుండీ వదిలేసి అతని మొహంలోకి చూశాడు.

"నా తప్పు నీ నెత్తిన వేసుకుంటావట్రా ఈ వయసులో?"

"నిజంరా."

"నీకు చేతకాని పని ఎందుకు పెట్టుకుంటావ్? అద్దంలో చూసుకో, చెమటలు కారిపోతున్నాయి. ఇదేనా నువ్వు అబద్ధమాడ్డం?"

"ఆ వాచీ కూడా నేను దొంగిలించిందే."

ఈసారి ఆపరేటరు పెద్దగా నవ్వాడు. "చప్పట్లు కొట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్నవాణ్ణిరా నేను. నాకు చెబుతున్నావా?" నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. "మొదట్లో నాకూ ఇవ్వలేదనే అనిపించింది. రోజూ కళ్లు మూసుకుని ఆలోచించాను. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. నువ్వు కిటికీలోంచి అందించావు, నేను రెండు చేతులతో అందుకున్నాను. బరువు కూడా గుర్తుంది. బద్ధకించి బిగించుకోలేదు, అంతే. మా ఆవిడకీ అదే చెప్పాను."

వాచీ గారు తలుపు వైపు తిరిగాడు.

"ఆ గుండీ కాస్త పెట్టు" అన్నాడు ఆపరేటరు, మెడ ముందుకు చాపి.

వాచీ గారు దగ్గరికెళ్లి గుండీ పెట్టాడు.