మొగుళ్లపల్లిలో షార్ట్‌వేవ్ విన్న సాయంత్రం

ఖాజాభాయి దగ్గర్నుంచి ఫోను రాక నెలలైంది. షార్ట్‌వేవ్ రేడియోలో విదేశీ కేంద్రాలు వినే పిచ్చి మా ముగ్గుర్నీ కలిపింది. ఆయన మొగుళ్లపల్లిలో దర్జీ. సోమ్లా మహబూబాబాద్ దగ్గరి తండాలో పత్తి రైతు. నాది జనగామలో కిరాణా కొట్టు. ఏ దేశం ఎంత బాగా వినిపించిందో రోజూ ఫోనులో వాదించుకునేవాళ్లం. ఒకరినొకరం చూసింది మాత్రం లేదు. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయిందనీ, రేడియో ముట్టడం లేదనీ భార్య ఫాతిమా చెప్పాక ప్రయాణం కట్టాం.

పొద్దున్నే జనగామలో రైలెక్కాను. నా సంచిలోని రాగి తీగ చుట్ట చూసి ఎదుటి సీటు అవ్వ, "బట్టలారేస్తవా బిడ్డా?" అంది.

"కాదవ్వా, రేడియోల పరదేశపోళ్ల మాటలు ఇనేటందుకు."

"మనోళ్లయే ఇనబుద్ధైతలేదు, ఇగ ఆళ్లయి కూడానా!" అని నవ్వింది.

వరంగల్ స్టేషన్‌లో సోమ్లా కలిశాడు. ఇడ్లీలు తిని, హనుమకొండలో పరకాల బస్సెక్కాం. నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్టు, ఆయనకు మామూలుదే. పరకాల నుంచి ఆటోలో మధ్యాహ్నానికి చేరుకున్నాం.

ఖాజాభాయి మమ్మల్ని చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"గిట్లనే, అక్కా. మాట రాదని పరేషాన్ అయితడు," అంది ఫాతిమా.

"వచ్చి తప్పు జేసినమా?" అన్నాడు సోమ్లా మెల్లగా.

పొద్దు వాలుతుండగా వాకిట్లో చెట్టుకు తీగ కట్టి, మంచం పక్కనే బ్యాటరీల రేడియో పెట్టాం. ఒకటే గరగర. అది బల్బుల రొద, టీవీ డిష్ పెట్టె రొద. ఫాతిమా కరెంటు మెయిన్ ఆపేసింది. వెంటనే చైనా నుంచి హిందీ వార్తలు తేటగా వినిపించాయి.

"నాలుగు!" అన్నాడు సోమ్లా. సిగ్నల్‌కు మేము ఐదుకి ఇన్ని అని మార్కులు వేస్తాం.

మంచం మీంచి ఎడమ చెయ్యి లేచింది. మూడు వేళ్లు.

"గిది మూడా? చెవులు కడుక్కో, భాయి!"

ఖాజాభాయి ఇటు తిరిగి, ఆ మూడు వేళ్లనూ సోమ్లా ముఖం ముందు ఆడించాడు. నేను మూడున్నర అన్నాను. ఇద్దరూ నన్ను కోపంగా చూశారు.

ఫాతిమా కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది. "ఇన్ని నెలల సంది ఎవలతోని కొట్లాడలే," అంది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో పరకాలలో ఆటో దిగుతుండగా ఫాతిమా ఫోను. "చెట్టు దిక్కు చెయ్యి చూపెడుతుండు, అక్కా. తీగ ఇంక మీదికి కట్టాల్నట. సోమ్లన్నను జర పంపరాదూ?"

నేను చెప్పేది పూర్తిగా వినకుండానే సోమ్లా వెనక్కి పోయే ఆటో ఎక్కాడు. నేను ఒక్కదాన్నే జనగామ దారి పట్టాను. మాట రాని మనిషితో కడుపునిండా మాట్లాడి వస్తున్నట్టు ఉంది.