జానయ్య కొన్న కూలరు

అచ్చాఫీసులో అందరూ అతన్ని జానయ్య అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. కాగితాలు కోసే మిషను దగ్గర ఇరవై రెండేళ్లు నిలబడ్డాడు గానీ ఏనాడూ టేపు ముట్టుకోలేదు. బొటనవేలు ఆనించి, చిటికెనవేలు చాచి, జానతో కొలిచి, "తొమ్మిదంగుళాలు. వెంట్రుకవాసి తేడా వస్తే నా చెవి కోసుకో" అనేవాడు. తేడా వచ్చేదీ కాదు. మనిషికి ఒక్క విద్య పట్టుబడితే చాలు, పొగరు పిలవకుండానే వచ్చి పక్కన కూచుంటుంది.

నాలుగేళ్ల కిందట ఆ మిషనే అతని చిటికెనవేలి పై కణుపు తీసుకుపోయింది. యజమాని వరసకు బావ. వరసే గాని వాత్సల్యమేం లేదు. నలుగురూ ఏమంటారోనని జడిసి, జానయ్యని కంప్యూటరు ముందు కుర్చీలో కూచోబెట్టాడు. ఇన్నేళ్లకి నడుము ఆనింది. ఆ కుర్చీని రోజుకి రెండుసార్లు తుడుచుకునేవాడు, పెళ్లాం ముఖమైనా అంత శ్రద్ధగా చూడలేదు.

ఈ మధ్య ఆ కంప్యూటరు పెద్ద బొమ్మలు ఎక్కించగానే వేడెక్కి ఆరిపోవడం మొదలెట్టింది.

"బామ్మర్దీ, లోపలి ఫ్యాను పీకేసి మంచి కూలరు తెచ్చి వెయ్యి. ఏది కావాలో నువ్వే చూసుకో" అన్నాడు బావ. "ఇదన్నా సరిగ్గా చేస్తే కుర్చీ నీది. లేదా మా అన్నకూతురు ఖాళీగానే ఉంది, నువ్వు మళ్లీ కత్తి దగ్గరికి పో."

ఇంట్లో చెబితే పెళ్లాం నెత్తి కొట్టుకుంది. "పిల్లలూ నేనూ ఉడికి చస్తుంటే పట్టదు గానీ, ఆఫీసులో పెట్టెకి కూలరా?"

"ఇది గదికి కాదే మొద్దూ, ప్రాసెసరుకి."

"అదెవరు?"

ఆఫీసులో జానయ్య పెట్టెని పడుకోబెట్టి, మూత తీసి, ప్రాసెసరు మీద బొటనవేలు ఆనించి, చిటికెనవేలు పైకి చాచాడు. వేలు పెట్టె అంచు దాటి రెండంగుళాలు పైకొచ్చింది. తొమ్మిదిలో రెండు పోతే ఏడు. లెక్క బాగానే ఉంది, తొమ్మిదే లేదు.

కొట్టువాడు రెండు కూలర్లు చూపించాడు. "మీ ప్రాసెసరు చిన్నదండీ. ఈ నాలుగంగుళాలది బోలెడు."

చిన్నది అన్న మాట చెవిలో సీసం పోసినట్టయింది జానయ్యకి. "ఆ పెద్దదెంత?"

"ఆరున్నర ఎత్తు. పెట్టె లోతు టేపుతో కొలిచారా?"

"నువ్వు పుట్టక ముందు నుంచీ కొలుస్తున్నా. కట్టు."

మర్నాడు ఆఫీసంతా చుట్టూ మూగింది. వేడి లాగే పేస్టు రాశాడు, ఇటుకంత కూలరు బిగించాడు, మీట నొక్కాడు. ఎంత పెద్ద బొమ్మ ఎక్కించినా పెట్టె చన్నీళ్ల కుండలా ఉంది. ఆ ఒక్క గంటా జానయ్య నేల మీద నడవలేదు.

తర్వాత కంప్యూటరు ఆపి మూత వేయబోయాడు. పడలేదు. అరంగుళం పైకి లేచి పళ్లికిలించింది.

అట్టలకి బంక రాసే పిన్ని టేపు తెచ్చి అతని జానకి ఆనించింది. "ఎనిమిదే అబ్బాయ్! వేలు పోతే పోయింది, కొలత మాత్రం పోనివ్వలేదన్నమాట!"

పగలబడి నవ్వారు. వేలు తెగిన రోజు కూడా అంతమంది పోగవలేదు.

మూత తీసి ఉంచితే సరిపోయేది. కాగితం దుమ్ము రోజూ ఊదుకుంటే పోయేది. కానీ వీధి గుమ్మంలో బావ చెప్పుల చప్పుడు వినపడింది. జానయ్య మూత మీద మోకాలు పెట్టి ఒక్క అదుము అదిమాడు. లోపల ఏదో పటుక్కుమంది. మళ్లీ మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బావ కేకలేయలేదు. మూత తీసి, నిలువునా చిట్లిన బోర్డు చూసి, "సరే" అన్నాడు. వారంలో కొత్త బోర్డూ, నాలుగంగుళాల కూలరూ, అన్నకూతురూ వచ్చారు.

ఆ పిల్ల మంచిదే, మర్యాద తెలిసినది. కుర్చీలో కూచుని కాళ్లు నేలకి ఆనక, కాగితాల కట్ట మోసుకెళ్తున్న జానయ్యని పిలిచింది. "మావయ్యా, దీన్ని కాస్త కిందకి దించరూ? మీకు అలవాటేగా."

జానయ్య కట్ట పక్కన పెట్టి, ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూచుని, కుర్చీ కిందున్న మీట కోసం తడుముకున్నాడు.

"ఇంకాస్త" అంది ఆ పిల్ల.