టెలిస్కోప్ మూత

దయ్యాల కథ కావాలంటే నన్ను అడగకండి. అమావాస్య పూట శ్మశానం పక్కనుంచి స్కూటీ మీద పాట పాడుకుంటూ ఇంటికొచ్చే రకం నేను. మా అమ్మ కోసం చర్చికి వెళ్తాను గానీ, అద్భుతాల సాక్ష్యాలు మొదలవగానే చెప్పులేసుకుని బయటపడతాను. ఇప్పటికీ అంతే.

అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఆకాశంలో తోకచుక్క కనిపిస్తోందని, క్లాసయ్యాక పిల్లలకి డాబా మీద నా టెలిస్కోప్‌లో చూపిద్దామనుకున్నాను.

ఆ సాయంత్రం టెలిస్కోప్ మూత తీసి, భుజానికున్న బ్యాగులో పడేసి, జిప్ వేశాను. మెట్రో స్టేషన్ వైపు తిప్పి ఫోకస్ సరిచూశాను. స్టేషన్ బోర్డు అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అందరికంటే ముందు సుమయ్య పైకొచ్చింది. బోరబండ పిల్ల, మహా తొందర. పొద్దు పూర్తిగా గూకేదాకా కన్ను పెట్టొద్దన్నాను. ఇంతలో మా సెంటర్ ఓనర్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"ఏంటి మేడం ఇది? తోకచుక్కని చూస్తే అరిష్టమంట. పేరెంట్స్ ఫోన్ల మీద ఫోన్లు! డాబాకి తాళం వేయించేస్తా."

"తాళం డాబాకే కదా సార్, ఆకాశానికి వేయలేరుగా" అన్నాను.

అమీర్‌పేటలో సూర్యుడు అస్తమించడు, ముందు హోర్డింగ్ వెనక్కి పోతాడు. సుమయ్య అదే అస్తమయమనుకుంది. టెలిస్కోప్‌ని పడమటికి తిప్పి కన్ను పెట్టింది. హోర్డింగ్ కింద ఇనుప కాళ్ల మధ్య ఖాళీ ఉంది. సూర్యుడు అందులోంచి మళ్లీ బయటికొచ్చాడు.

"మేడం, జర ఇటు రండి! గిదేంది, మొత్తం నల్లగైంది!"

చూద్దును కదా, ఎండ నేరుగా గొట్టం మీదే పడుతోంది! నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి పిల్లని పక్కకి లాగేశాను.

గొట్టానికి మూత ఉంది. అది లేకపోతే సుమయ్య కన్ను అక్కడే పోయేది. గుర్తు కోసం నేను పెట్టుకున్న నెయిల్‌పాలిష్ చుక్క ఉన్న నా మూతే అది. బ్యాగు చూశాను. వేసిన జిప్ వేసినట్టే ఉంది, లోపల మూత లేదు. మిగతా పిల్లలు ఇంకా కిందే ఉన్నారు. ఓనర్ అంతసేపూ నా ఎదురుగానే ఉన్నారు.

"చూశారా, అరిష్టమని చెప్పలేదూ?" అన్నారాయన.

"అరిష్టమైతే కన్ను పోవాలి కదండీ! పోలేదుగా?" అని అరిచాను.

సుమయ్య ఏడుస్తోంది, ఇక చూడనంది. భయపడి దిగిపోతే ఆయన మాటే నిజమవుతుందని చెప్పాను. చీకటి పడ్డాక ఆ పిల్లకే ముందు చూపించాను.

"అబ్బ, మస్తున్నది మేడం! దీనికా గింత లొల్లి?"

మా అమ్మ విని, అది దేవుడి చెయ్యేనంది, సాక్ష్యం చెప్పమంది. చెప్పనన్నాను. మూత ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క తేలలేదు. తెలియనిదాన్ని తెలియదనే అంటాను, దేవుడనో దయ్యమనో మాత్రం నా చేత అనిపించలేరు.

కానీ మర్నాడు డాబా మీద ఒక్కదాన్నే ఉన్నప్పుడు థ్యాంక్స్ చెప్పాను. గట్టిగానే చెప్పాను.