తోడు వెళ్లినదానికీ ఒక చీటీ

మావారికి తొమ్మిదేళ్లుగా షుగరు. మాత్రలు వేసుకుంటారు, అన్నం తగ్గించానంటారు. ఆ రెండో మాట నేను నమ్మను. పెళ్లికి వెళ్తే చేతులు కడుక్కొస్తానని లేచి, పెరట్లో వంటవాళ్ల దగ్గర పావుగంట ఉండే మనిషిని ఎవరు నమ్ముతారు చెప్పండి? షుగరున్నవాళ్లు ఏడాదికోసారి కళ్ల లోపల కూడా చూపించుకోవాలని మా పాలకొల్లు డాక్టరు గారు చెబితే, ఈయన వెంటనే "పదవే రత్నం, రేపే రాజమండ్రి వెళ్దాం" అన్నారు. అదిగో, అక్కడే నాకు అనుమానం వచ్చింది. పన్ను పీకించుకోవడానికి ఆర్నెల్లు వాయిదా వేసిన మనిషికి ఇంత తొందరేంటి? పైగా మర్నాడు పొద్దున చొక్కా జేబులో ఏదో కాగితం పొట్లం పెట్టుకుంటూ, నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తీపి వస్తువే అనుకున్నాను.

ఐదున్నర ఎక్స్‌ప్రెస్సు ఎక్కాం. మార్టేరు, పెనుగొండ, సిద్ధాంతం మీదుగా రావులపాలెం, అక్కణ్ణుంచి జొన్నాడ వంతెన దాటితే రాజమండ్రి. రెండున్నర గంటలు పట్టింది, టికెట్టు మనిషికి నలభై లోపే. ఎడమవైపు సీటు చూసుకోండి, పొద్దుటి ఎండ మొహాన కొట్టదు. నేను బస్సులో కూడా లేసు అల్లుతాను. పాతికేళ్లుగా నా చేతికి తెలిసిన పని అదొక్కటే, నా చీరలు, పిల్లల ఫీజులు అన్నీ అందులోంచే వచ్చాయి. కానీ ఈమధ్య ఏజెంటమ్మ రెండు ముక్కలు తిప్పి పంపింది, పువ్వుకి ఒక రేకు తక్కువైందట. నాసిరకం దారం అంటగట్టి నా మీద వంక పెడుతోందని దారాన్ని అనుమానించాను. తర్వాత బల్బుని, లో ఓల్టేజీని అనుమానించాను. కుడికన్ను కాస్త మసకగా ఉంటోంది కానీ అది చత్వారమేలే అనుకున్నాను.

రావులపాలెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. పూతరేకుల బుట్ట కిటికీ దగ్గరికి రావడం, ఈయన "బాత్రూంకెళ్లొస్తా" అని దిగడం ఒకేసారి జరిగాయి. ఊరుకుంటానా? వెనకే దిగాను. తీరా చూస్తే టీ బండి దగ్గర నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా, పంచదార ఎన్ని చెంచాలు వేశావు?" అని బండి అతన్నే అడిగాను.

"అసలు వెయ్యలేదండమ్మా. అయ్యగారు వద్దన్నారండి. కావాలంటే మీరే తాగి చూడండి."

తాగి చూశాను. చేదు. ఈయన నవ్వుతూ గ్లాసు వెనక్కి తీసుకున్నారు. నాకేమో అనుమానం ఇంకా ఎక్కువైంది.

రాజమండ్రి బస్సు కాంప్లెక్సులో ఆటో అతను కంటాసుపత్రి అనగానే "అక్కడెందుకండి, ఇంతకన్నా మంచిది నాకు తెలుసండి, తీసుకెళ్తాను" అన్నాడు. కమీషన్ బేరం. "మేం చెప్పిన చోటికే పోనీ బాబూ" అని, సందు తిరిగినప్పుడల్లా బోర్డులు చదువుతూ కూర్చున్నాను. ఇరవై తీసుకుని సరిగ్గానే దింపాడు.

ఓపీ కౌంటరులో అమ్మాయి రెండు చీటీలు చేతిలో పెట్టింది. నా ఒళ్లు మండింది. "ఒక్కరికి వస్తే ఇద్దరికి రాస్తారేంటమ్మా? చూపించుకునేది ఆయన."

"నేనే రాయమన్నాను" అన్నారు మావారు, ఎటో చూస్తూ.

నర్సు నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట తొంభై బై నూట పది. "మీ మిషను పాడైనట్టుందమ్మా" అన్నాను. "మిషను బాగానే ఉందండి" అని మూడోసారి కూడా అదే అంకె వేసింది. తర్వాత ఇద్దరికీ కళ్లలో చుక్కలు వేశారు. చురుక్కుమన్నాయి. ముప్పావుగంట కళ్లు మూసుకుని కూర్చోమన్నారు.

డాక్టరమ్మ ముందు ఆయన్ని చూసింది. షుగరు కంటి లోపలి సన్న రక్తనాళాల గోడల్ని గుల్ల చేస్తుందట, అవి ఉబ్బి కారతాయట, ముదిరితే మూసుకుపోతాయట. "మీకు అక్కడక్కడా చిన్న చుక్కలే ఉన్నాయండి. షుగరు అదుపులో పెట్టుకుని ఏటా రండి, చాలు." తర్వాత నన్ను చూసింది. ఎడమకన్ను త్వరగా అయిపోయింది. కుడికన్ను దగ్గర మాత్రం ఆగింది. చాలాసేపు ఆగింది.

"బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అండి?"

"నార్మల్ వచ్చిందని ఆపేశానండి."

"వేసుకున్నారు కాబట్టే నార్మల్ వచ్చిందండి."

ఏళ్ల తరబడి బీపీకి ఒక సన్న ధమని గట్టిపడి, దాన్ని దాటి వెళ్లే సిరను నొక్కేసిందని చెప్పింది. రక్తం వెళ్లే దారి లేక వెనక్కి పోటెత్తి లోపల చిమ్మిందట.

"తూము మూసుకుపోతే పైన కాలువగట్టు తెగినట్టా అమ్మా?"

"అంతేనండి. నీరు తీసినా పంట ఎంత దక్కుతుందో ఇప్పుడే చెప్పలేను. ఉన్న చూపు నిలబెడదాం. లేజరు అవసరమేమో వచ్చే నెల చూస్తాను."

ఇక నా లేసు సంగతేంటో అనుకుంటూనే లేచాను. బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాను. అప్పుడు మావారు జేబులోంచి ఆ పొట్లం తీశారు. నా బీపీ మాత్రలు! బీరువా మీద పడేసినవి, ఫిబ్రవరి నుంచీ ఒక్కటి కూడా విప్పనివి.

"నెల నుంచీ కాఫీ గ్లాసు పక్కన పోస్తున్నావే" అన్నారు. "నేను చెబితే నమ్మవు. నీకు కళ్లు చూపిద్దామంటే కదలవు. నా పేరు చెబితే కాపలాకైనా వస్తావని..."

ఏడుపొచ్చింది. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఇన్నాళ్లూ నేను ఆయన జేబులు తడుముతుంటే, ఆయన నన్ను కనిపెట్టుకుని ఉన్నారు. అక్కడే సీసాలో నీళ్లతో మాత్ర వేసుకున్నాను. మూడు గంటల బస్సుకి తిరిగొచ్చాం. చుక్కల మందుకి జొన్నాడ వంతెన మీద గోదావరి చూడలేనంతగా మెరిసింది, కొంగు మొహం మీద కప్పుకుని ఆయన భుజానికి ఆనుకున్నాను.

ఇది జరిగి ఏడాదైంది. కుడికన్ను సగమే తేరుకుంది. సన్నదారం మానేసి లావుదారంతో, పగలు మాత్రమే అల్లుతున్నాను. ఆపేసిన నాలుగు నెలల్లో ఏ ఒక్క రోజూ తలనొప్పైనా రాలేదు, అదీ నన్ను మోసం చేసింది. నేను అందరినీ అనుమానించాను, దారాన్ని, బల్బుని, టీ బండిని, ఆటోని, మిషన్ని. నా కంటిని ఒక్కదాన్నే నమ్మాను.

మీరూ ఇలా వెళ్తుంటే నల్లకళ్లద్దాలు తీసుకెళ్లండి, ఆ రోజు బండి నడపకండి. కౌంటరు దగ్గర మాత్రం రెండు చీటీలు రాయించండి. తోడొచ్చిన మనిషి గొణిగితే గొణగనివ్వండి.