చల్లగదిలో ఆగిన మిషన్లు

1988 వేసవికి ముందు, మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, నన్ను గేటు ఆఫీసు నుంచి కంప్యూటరు గదికి అటెండరుగా మార్చారు. నేను చదివింది మూడో తరగతి. గది ఊడవడం, వచ్చినవాళ్ళ చెప్పులు బయట విడిపించడం, పొద్దున ఏసీ వేసి సాయంత్రం తీయడం నా డ్యూటీ. బయట ఎండకు రాళ్ళు పేలుతున్నట్టుండేది. లోపల నీలం తెరలు, మసక వెలుతురు, ఆకుపచ్చ అక్షరాలు. సాగర్ కాలవలో మెడదాకా దిగి కళ్ళు మూసుకున్నట్టుండేది. ఆ మిషన్ల హోరు వింటూ, చీపురు చేత్తో పట్టుకుని, ఏ పనికి వచ్చానో మరిచి నిలబడిన రోజులున్నాయి.

గదిలో రెండు మిషన్లు. మూడోది లారీలు తూచే కాటా దగ్గర, దుమ్ములో, ఫ్యాను కింద. ఎండలు ముదిరాక గదిలోని రెండూ పని మధ్యలో ఆగిపోసాగాయి. మెమరీ తప్పిందని తెర మీద ఒక్క ముక్క పడేది. అప్పటిదాకా కొట్టిందంతా పోయేది. కాటా మిషను మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

హైదరాబాదు నుంచి ఇంజనీరు అబ్బాయి వచ్చాడు. మెమరీ అంటే జెర్రుల్లా కాళ్ళున్న నల్లటి చిప్‌లు. ఆ కాళ్ళు సాకెట్లనే గుంటల్లో దిగి ఉంటాయి. గది చిప్‌లు కాటాకూ, కాటావి గదికీ మార్చాడు. గదివి అక్కడ బాగానే పనిచేశాయి. కాటావి ఇక్కడ పది రోజులు నడిచి మళ్ళీ ఆగాయి. అతను మళ్ళీ వచ్చి, వాటిని తీసి బిగించి, చిప్‌లలో దోషం లేదని రాసిచ్చి వెళ్ళాడు. దాంతో మేనేజరు గారు ఆపరేటరు మరియకుమారి మీద పడ్డారు. పిడుగురాళ్ళ పిల్ల, టెంపరరీ. ఇంకోసారి ఆగితే మానిపిస్తానని మెమో ఇచ్చారు.

"నేనేం చేశా పిన్నీ? మీటలు మెల్లగానే నొక్కుతున్నాగా," అని ఏడ్చింది.

"ఏడిస్తే మిషను బాగుపడుద్దా? ముందు ముక్కు తుడుచుకో," అన్నాను.

వారంలోనే మళ్ళీ ఆగింది. ఇంజనీరు వచ్చి, మూత విప్పి, చిప్‌లను బొటనవేలితో నొక్కాడు. ఒక్కొక్కటీ కిర్రుమని దిగింది.

"పోయినసారి నేనే గట్టిగా నొక్కాను. ఎవరు పైకి లాగారండీ?"

మేనేజరు గారు మరియకుమారి వైపు చూశారు. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

నా మనసు ఆ కిర్రు దగ్గరే ఆగింది. మా నాయన బండి చక్రానికి ఇనప పట్టా కాల్చి ఎక్కించి, నీళ్ళు పోసేవాడు. వేడికి సాగిన ఇనుము చల్లబడి కట్టెను పట్టేది. ఆ ఆవిరి తెల్లగా నా కళ్ళ ముందు లేచింది. ఈ కాళ్ళూ లోహమేగా.

"బాబూ, వేడికీ చలికీ ఇవి కదులుతయ్యా?" అనడిగాను.

"కదుల్తాయమ్మా. రోజూ కాగి చల్లారుతుంటే కొంచెం కొంచెంగా పైకి లేచి పట్టు తప్పుతాయి. కానీ ఏసీ గదిలో వేడెక్కడిది?"

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఆ పిల్ల మొహం చూసి, చెప్పేశాను. అందరూ భోజనాలకు పోయిన రెండు గంటలూ ఏసీ తీసేసేదాన్ని. మనుషులు లేని గదికి కరెంటు దండగనుకున్నాను. మిషన్లు నడుస్తూనే ఉండేవి, గది పొయ్యిలా కాగేది. వాళ్ళు వచ్చే ముందు మళ్ళీ వేసేదాన్ని. కాటా మిషను రేయింబవళ్ళు ఒకే వేడిలో నడిచేది.

"ఇన్నాళ్ళూ చెప్పవేందమ్మా!" అని మేనేజరు గారు నెత్తి కొట్టుకున్నారు.

"నన్నడగలేదుగా సారూ. ఆ పిల్లనే అడిగారు."

మరియకుమారి మెమో రద్దయింది, నాకొకటి రాశారు. సంతకం పెట్టి తీసుకున్నాను. మధ్యాహ్నం ఏసీ ఆపడం మానేశాక ఆ వేసవిలో మిషన్లు మళ్ళీ ఆగలేదు. మరుసటి ఏడు ఆ పిల్ల పర్మినెంటయింది.

నేను నేర్చుకున్నది ఒకటే. ఒక వస్తువు మీద పొదుపు చేయబోయే ముందు, అది ఎవరి కోసం పెట్టారో అడగాలి. ఆ చల్లదనం మా కోసమనుకున్నాను. అది మిషన్ల కోసం.